నడుం నొప్పి, నాలుగు కేజీల సీసం

గోదావరి జిల్లాల్లో నడుం నొప్పి లేని ఇల్లుంటే చూపించండి. కొబ్బరి దింపు తీసేవాళ్లకి ఉంది, ధాన్యం బస్తాలెత్తే కూలీలకి ఉంది, కువైట్‌లో పదేళ్లు బండి తోలి వచ్చినవాళ్లకి ఉంది, బెంగళూరులో కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లలకి అందరికంటే ముందే వచ్చేసింది. వీళ్లలో కొందరికి ఇప్పుడు స్కూబా మీద, అంటే గాలి సిలిండర్ తగిలించుకుని సముద్రంలో మునిగి తిరగడం మీద మనసు పోయింది. మన తీరంలో ఆ ముచ్చట తీరదు. గోదావరి తెచ్చి పోసే ఒండ్రు వల్ల కాకినాడ దగ్గర నీళ్లలో చెయ్యి చాపితే వేళ్లు సరిగా కనపడవు. అందుకని విశాఖ రుషికొండకో, అండమాన్‌కో, కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరున్న నేత్రాణి దీవికో వెళ్తారు. అక్కడ నీళ్లలో తేలిపోకుండా సీసం బిళ్లలు గుచ్చిన బెల్టు తెచ్చి నడుముకి కట్టుకోమంటారు. పేచీ అక్కడ మొదలవుతుంది.

ఎముకల డాక్టర్ని అడిగితే "బరువులెత్తొద్దని చెప్పాను కదండీ" అని తేల్చేస్తారు. డైవింగ్ నేర్పే కుర్రాణ్ని అడిగితే "నీళ్లలోకి దిగాక బరువెక్కడుంటుంది సార్" అని నవ్వేస్తాడు. ఇద్దరి మాటా నిజమే. కానీ డాక్టరు ఒడ్డు గురించి మాట్లాడుతున్నారు, కుర్రాడు నీళ్ల గురించి మాట్లాడుతున్నాడు. ఒడ్డు మీద నడుముని బాధించేది మొత్తం బరువు. నీళ్లలో బాధించేది ఆ బరువు ఒంట్లో ఎక్కడ వేలాడుతోందన్నది. ఈ రెండిటినీ ఒకే సంచిలో వేసి, "అయితే సీసం తగ్గించుకుంటే పోలా" అనుకోవడం మామూలుగా జరిగే పని. అది నడుముకీ మంచిది కాదు, ప్రాణానికీ మంచిది కాదు.

నాకూ వెన్ను అడుగున ఎల్5-ఎస్1 అనే చోట, పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ కాస్త బయటికి తోసుకొచ్చి ఉంది కాబట్టి ఈ లెక్కలు నాకు ఊసుపోక చేసేవి కావు.

నీళ్లలో బరువు ఏమవుతుంది

ధవళేశ్వరం దగ్గర గోదావరిలో మునిగి ఇసుక తీసే పడవ మనుషుల్ని చూస్తే ఈ విషయం పుస్తకం అక్కర్లేకుండా అర్థమవుతుంది. కర్ర పట్టుకుని అడుగుకి వెళ్తారు, ఇనప బకెట్‌తో ఇసుక తోడతారు, పైకొచ్చి పడవలో పోస్తారు. పొద్దున్నుంచి అదే పని. నడుం సంగతి అడిగితే ఒకాయన అన్నాడు: "అడుగున ఏమనిపించదండి. బకెట్టు నీళ్లలోంచి బయటికి తీసేటప్పుడు తెలుస్తాది. అక్కడే పట్టేస్తాది నడుము."

ఆయన మాట లెక్క వేసి చూడండి. 10 లీటర్ల బకెట్ నిండా తడి ఇసుక అంటే గట్టు మీద 20 కేజీల దాకా తూగుతుంది. నీళ్లలో ఉన్నంతసేపు అదే బకెట్ చేతికి 10 కేజీల్లాగే ఉంటుంది. ఇసుక రేణువులు తమ చోటులో ఉన్న నీటిని పక్కకి నెట్టాయి, అంత నీటి బరువు మేర నది వాటిని పైకి తోస్తోంది. బకెట్ నీటి అంచు దాటగానే ఆ సాయం పోతుంది. అడుగున తేలిగ్గా ఉన్న సరుకు సరిగ్గా మనిషి ఒళ్లు పక్కకి తిప్పి పడవలోకి ఒంపే క్షణంలో రెట్టింపవుతుంది.

డైవర్ పరిస్థితీ ఇంతే, ఒక్క తేడాతో. ఇసుకకి నీళ్లు సగం బరువు తగ్గిస్తాయి గానీ సీసానికి పెద్దగా తగ్గించవు. సీసం నీటి కంటే 11 రెట్లు పైగా చిక్కన. 4 కేజీల సీసం సముద్రంలో 350 గ్రాములు మాత్రమే తగ్గుతుంది. సీసాన్ని ఎంచుకున్నదే అందుకు. మరి ఆ కుర్రాడు "బరువుండదు" అన్నదేమిటంటే, మనిషి, సూటు, సిలిండర్, గాలి నింపుకునే జాకెట్, సీసం అన్నీ కలిపిన మొత్తం పైకీ పోదు, కిందికీ పోదు. మొత్తం సున్నా. కానీ ఆ సున్నాలో ఒక చోట పైకి తోసేవి, ఇంకో చోట కిందికి లాగేవి ఉన్నాయి. ఆ రెండిటి మధ్యలో ఉన్నది మీ నడుము.

ఇంతకీ సీసం ఎవరికోసం

మనిషికి సీసం పెద్దగా అక్కర్లేదు. గుండెల నిండా ఊపిరి పీలిస్తే తేలేవాళ్లలో చాలామంది ఊపిరి వదిలేస్తే మెల్లగా మునుగుతారు. తేలేది మనం తొడుక్కున్న వెట్‌సూట్. దాని రబ్బరులో సన్నటి గాలి బుడగలు నింపి ఉంటాయి, చలి ఆపేది అవే, తేల్చేదీ అవే. 3 మిల్లీమీటర్ల సూటు కంటే 5 మిల్లీమీటర్లది ఎక్కువ తేలుతుంది, కాబట్టి ఎక్కువ సీసం అడుగుతుంది. మన బంగాళాఖాతం గోరువెచ్చటి సముద్రం. పల్చటి సూటుతో సరిపోయే చోట మందం సూటు తొడుక్కుంటే నడుముకి అదనంగా రెండు కేజీలు తగిలించుకున్నట్టే.

రెండోది సిలిండర్. మన దగ్గర అద్దెకి ఎక్కువగా దొరికేది 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్. అందులో 200 బార్ల ఒత్తిడితో, అంటే బయటి గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లతో, 2200 లీటర్ల గాలి పడుతుంది. గాలికి బరువుంటుందని ఏడో తరగతిలో చదివి వదిలేస్తాం గానీ, ఆ గాలి రెండున్నర కేజీల పైమాటే. డైవ్ ముగిసేటప్పటికి 50 బార్లు మిగిలాయనుకోండి, 2 కేజీల గాలి మనం పీల్చి బుడగలుగా వదిలేశాం. దిగేటప్పుడు కాస్త మునిగే స్వభావంతో ఉన్న సిలిండర్, తిరిగొచ్చేటప్పటికి బెండులా తేలడం మొదలుపెడుతుంది.

డైవ్ చివర 5 మీటర్ల లోతులో మూడు నిమిషాలు ఆగడం ఆనవాయితీ. ఒంట్లో కరిగిన నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోవడానికి. సీసం లెక్క వేయాల్సింది ఆ మూడు నిమిషాల కోసం, దిగేటప్పటి కోసం కాదు. నడుం నొప్పి అని చెప్పి రెండు కేజీలు తగ్గించి దిగినవాడు మొదటి అరగంట హాయిగానే తిరుగుతాడు. చివర్లో ఆగాల్సిన చోట ఆగలేక పైకి తేలిపోతుంటాడు. తల కిందికి పెట్టి, కాళ్లు కొడుతూ, నడుం విరుచుకుని కిందికి ఈదుతాడు. ఏ నడుముని కాపాడదామని తగ్గించాడో దానికే ఆ మూడు నిమిషాలూ శిక్ష. ఆ పైన నైట్రోజన్ ఒంట్లో బుడగలు కట్టే బెడద.

అలాగని ఎక్కువ పెట్టుకోవడం కూడా పరిష్కారం కాదు. బీచ్‌లో ఒక్కరోజు డైవ్ చేయించే చోట్ల రెండు కేజీలు ఎక్కువే కడతారు. కొత్తవాళ్లు తేలిపోతే పట్టుకోవడం వాళ్లకి కష్టం, అందుకని. ఒంటి బరువులో పదో వంతు సీసం అనే లెక్క కూడా చాలామంది నోట వినపడుతుంది. 80 కేజీల మనిషికి 8 కేజీలన్న మాట. చలి దేశాల మందం సూట్లకి అది నప్పుతుందేమో గానీ 3 మిల్లీమీటర్ల సూటులో ఉన్న మనిషికి మోతే. నడుం సమస్య ఉన్నవాళ్లు ఈ లెక్కకి ఒప్పుకోకూడదు.

సరైన కొలతకి ఒక పరీక్ష ఉంది, పది నిమిషాల పని. సిలిండర్లో 50 బార్లు మిగిలి ఉన్నప్పుడు, జాకెట్లో గాలంతా తీసేసి, మామూలుగా ఊపిరి పీల్చి ఆపి, కాళ్లు ఆడించకుండా నిలువుగా ఉండాలి. నీటి మట్టం కళ్ల దగ్గర ఆగాలి. ఊపిరి వదిలితే తల మెల్లగా మునగాలి. ముఖమంతా పైనే ఉంటే సీసం చాలలేదు, ఊపిరి వదలకుండానే మునిగిపోతే ఎక్కువైంది. నిండు సిలిండర్‌తో చేస్తే, పీల్చబోయే గాలి బరువుకి పూర్తిగా 2 కేజీలు కలుపుకోవాలి. ఈ పరీక్ష అడిగితే మొహం చిట్లించే చోట డైవ్ చేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

తియ్యటి నీరు, ఉప్పు నీరు

డెల్టా మనుషులకి ఇక్కడ ఒక మెలిక ఎక్కువ. సముద్రపు నీరు లీటరుకి 1,025 గ్రాములు తూగితే, మంచినీరు 1,000 గ్రాములు. చిన్న తేడాలాగే ఉంటుంది. సామానుతో కలిపి డైవర్ 105 లీటర్ల చోటు ఆక్రమిస్తాడనుకుంటే ఆ తేడా 2.6 కేజీలు. ఊళ్లో ఈతకొలనులో 2 కేజీలతో చక్కగా నేర్చుకుని రుషికొండ వెళ్లి, అక్కడ 4 పైన కట్టుకోమంటే "నా నడుం సంగతి తెలిసి కూడా ఇంత కడతారా" అని గొడవపడేవాళ్లున్నారు. తప్పు సముద్రానిది.

యానాం దగ్గర గౌతమి పాయనే తీసుకోండి. వరదల రోజుల్లో ధవళేశ్వరం బ్యారేజీ గేట్లెత్తితే ఎర్రటి తియ్యనీరు సముద్రం దాకా తోసుకుపోతుంది. ఎండాకాలం గేట్లు దించితే ఉప్పునీరు పోటుతో పాటు ఎదురెక్కి వస్తుంది. అంతర్వేది దగ్గర వశిష్ఠ, ఓడలరేవు దగ్గర వైనతేయ కూడా అంతే. నదీ ముఖాల్లో ఒక్కోసారి తియ్యనీరు పైన, ఉప్పునీరు కింద, రెండు పొరలుగా ఉంటాయి. పైన పరీక్షించి సరిపోయిందనుకున్న సీసం కింది పొరలోకి వెళ్లేసరికి చాలదు. సరదా డైవర్లకి ఇక్కడ పనిలేదు గానీ, గాలింపు పనులకి దిగేవాళ్లకి ఇది రోజువారీ సంగతి.

ఆ పనివాళ్ల పద్ధతి వేరు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగి, కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న దాన్ని బయటికి తీసినప్పుడు డైవర్లు దిగడం మనందరం టీవీలో చూశాం. ప్రవాహంలో అడుగున కాలు నిలవాలంటే అవసరం కంటే ఎక్కువ బరువే కట్టుకోవాలి. వాళ్లు ఈదడానికి దిగరు, నిలబడి పనిచేయడానికి దిగుతారు. ఆ దృశ్యాలు చూసి డైవింగ్ అంటే బరువులు మోయడం అనుకున్నవాళ్లు నాకు తెలుసు. రెండిటికీ పోలిక లేదు.

బెల్టు చేసే పని

ఇప్పుడు అసలు చిక్కు. నీళ్లలో డైవర్ బల్లిలా అడ్డంగా ఉండాలి. జాకెట్లో నింపిన గాలి ఛాతీ, భుజాల వైపు చేరి పైకి తోస్తుంది. సీసం బెల్టు నడుం కింద నుంచి కిందికి లాగుతుంది. ఈ రెండిటి మధ్య రెండు జానల దూరం. 3 కేజీల సీసం ఎక్కువ కట్టారనుకోండి, దాన్ని సరిచేయడానికి జాకెట్లో 3 లీటర్ల గాలి ఎక్కువ పోయాలి. పైన 3 కేజీల తోపు, కింద 3 కేజీల లాగుడు. ఒళ్లు తిరిగిపోయి కాళ్లు కిందికి జారతాయి, మనిషి ఏటవాలుగా నిలబడతాడు. ముందుకి పోవాలంటే కాళ్లు పైకి లేపాలి. ఆ లేపే పని చేసేవి నడుం వెనక కండరాలు. అరగంట పాటు, ప్రతి తన్నుకీ, నడుం వెనక్కి విల్లులా వంగుతూనే ఉంటుంది.

పైకొచ్చాక "సీసం బరువుకి నడుం పట్టేసింది" అంటారు. నిజానికి పట్టేసింది బరువుకి కాదు, ఆ వంపుకి. అదే సీసాన్ని కాస్త పైకి జరిపితే సగం బాధ పోతుంది. నా అమరిక చెబుతాను. మొత్తం 4 కేజీలు. సిలిండర్‌ని జాకెట్‌కి బిగించే పట్టీలు రెండుంటాయి, పై పట్టీకి చిన్న జేబులు గుచ్చి చెరో కేజీ. మిగతా రెండు జాకెట్ పక్క జేబుల్లో చెరో కేజీ. నడుముకి బెల్టు లేదు. ఇలా చేస్తే ఊపిరితిత్తుల దగ్గర తోపు, దాని దగ్గర్లోనే లాగుడు ఉంటాయి కాబట్టి కాళ్లు వాటంతట అవే తేలతాయి. మీ ఒంటికి ఇదే కొలత సరిపోతుందని కాదు. కాళ్లు సన్నగా, కండగా ఉన్నవాళ్లకి సీసం ఇంకా పైకి జరపాల్సి రావచ్చు, తొడలు భారీగా ఉన్న కొందరికి కాళ్లే ఎక్కువ తేలి బరువు కిందికి దింపాల్సి వస్తుంది. కొలనులో ఒకరు పక్కనుంచి ఫోన్‌తో వీడియో తీస్తే చాలు, వంపు ఎక్కడుందో మీకే కనిపిస్తుంది.

సీసమంతా సిలిండర్ పట్టీలకే కట్టేయకూడదు. ఆపదలో ఒక్క లాగుతో వదిలించుకోగలిగే సీసం కొంత ఉండాలి. జాకెట్ జేబుల్లోది చేతికందేది, లాగితే జారిపోయేది అదే. వీపు వెనక కట్టింది చేతికి అందదు.

జాకెట్ బదులు వీపుకి స్టీల్ పలక ఉండే అమరిక కూడా ఉంది. ఆ పలకే రెండున్నర మూడు కేజీలుంటుంది, వెన్ను పొడవునా పరుచుకుని ఉంటుంది, కాబట్టి విడిగా సీసం దాదాపు అక్కర్లేకపోవచ్చు. స్టీల్ సిలిండర్ దొరికితే ఇంకా మేలు, ఖాళీ అయ్యాక కూడా అది అల్యూమినియంలా తేలదు, రెండు కేజీల సీసం మిగులుతుంది. కానీ వీటిని అద్దెకిచ్చే చోట్లు మన దగ్గర తక్కువ. సొంతంగా కొనుక్కోవాలంటే ఖర్చు గట్టిదే. రెండు మూడేళ్లకోసారి డైవ్ చేసేవాళ్లకి పట్టీ జేబులు చాలు.

కాళ్లకి వేసుకునే ఫిన్స్ సంగతి ఎవరూ పట్టించుకోరు. బరువైన రబ్బరు ఫిన్స్ కాళ్లని కిందికి లాగుతాయి, మళ్లీ నడుమే వాటిని మోయాలి. తేలికపాటివి అడగండి. కాళ్లు చాచి పైకీ కిందికీ కొట్టే తన్ను కంటే కప్పలా పక్కలకి తోసే తన్ను చాలామంది నడుములకి సుఖం. తుంటి కీలు నొప్పి ఉన్నవాళ్లకి మాత్రం అది పడకపోవచ్చు.

అసలు గండం పడవ మీదే

నిండు సిలిండర్ ఒక్కటే 17 కేజీలు. జాకెట్, నోటికి గాలి అందించే రెగ్యులేటర్, సీసం కలిస్తే 25 దాటుతుంది. మన ధాన్యం బస్తాలో మూడో వంతు. అది కూడా ఊగే పడవలో, తడి కాళ్లతో.

1999లో జర్మనీలోని ఉల్మ్ పరిశోధకులు ఒక మనిషి నడుం దగ్గరి ఎల్4-ఎల్5 డిస్క్‌లోకి కొలమానం పెట్టి, రోజువారీ పనుల్లో లోపలి ఒత్తిడి చూశారు. ఒక్క మనిషి మీదే చేసింది కాబట్టి అంకెల్ని వేదంలా పట్టుకోనక్కర్లేదు గానీ పోలికలు మాత్రం కళ్లు తెరిపిస్తాయి. బోర్లా పడుకుంటే 0.1 మెగాపాస్కల్. మామూలుగా నిలబడితే 0.5. అదే 20 కేజీల బరువుని వీపు వంచి ఎత్తితే 2.3, మోకాళ్లు మడిచి ఎత్తితే 1.7. నీళ్లలో అడ్డంగా ఉన్న డైవర్ పరిస్థితి ఆ పడుకున్న మనిషికి దగ్గర. పడవ అడుగున ఉన్న సిలిండర్ని వంగి ఎత్తినవాడిది 2.3 వైపు. సముద్రం అడుగున గడిపిన నలభై నిమిషాల కంటే ఆ రెండు సెకన్లే ఖరీదైనవి.

కాబట్టి ఎత్తొద్దు. ఇందులో నామోషీ ఏమీ లేదు. పడవ కుర్రాళ్లకి ముందే చెప్పాలి, ఎక్కాక కాదు, డబ్బు కట్టేటప్పుడే: "తమ్ముడూ, నాకు నడుం ఆపరేషన్ దాకా వెళ్లి ఆగింది. సామాను నీళ్లలోనే తొడుక్కుంటాను, నీళ్లలోనే విప్పిస్తాను." ఇది వాళ్లకి కొత్త కాదు. జాకెట్లో గాలి నింపి, సిలిండర్‌తో సహా తాడు కట్టి నీళ్లలోకి వదులుతారు. మీరు మాస్కు, ఫిన్స్ వేసుకుని పడవ అంచు మీద నుంచి మెల్లగా జారి, తేలుతున్న జాకెట్లోకి చేతులు దూరుస్తారు. పడవ మీద నుంచి ఒక్క ఉదుటున నీళ్లలోకి అడుగేసే పద్ధతి మీకు వద్దు. నీటిని తాకగానే సిలిండర్ వీపు మీద గుద్దుతుంది.

తిరిగొచ్చాక విప్పే వరుస ముఖ్యం. ముందు జాకెట్లో గాలి నిండా నింపాలి. తర్వాత సీసం పైకి అందించాలి. ఆ తర్వాతే జాకెట్ విప్పాలి. బెల్టు నడుముకి ఉండగా జాకెట్ విప్పేస్తే తేల్చేది పోయి ముంచేది మిగులుతుంది. సీసం జాకెట్ జేబుల్లోనే ఉంటే తిరకాసు తలకిందులు: గాలి చాలకపోతే జాకెట్ మునుగుతుంది, సూటు వల్ల మీరు తేలతారు, దాన్ని పట్టుకుని వేలాడాల్సి వస్తుంది. నిచ్చెన ఒట్టి ఒంటితో ఎక్కాలి. ఇసుక మనిషి చెప్పిన నీటి అంచు ఇక్కడే ఉంది.

ఇంకొకటి, సీసం లెక్కల్లోకి రానిది. చిన్న ఫైబర్ పడవ అలల మీద ఎగిరి పడుతూ పోతుంటే అణియం (ముందు కొస) వైపు కూర్చున్నవాడి వెన్ను మీద పడే దెబ్బలు ఏ బెల్టుకీ తీసిపోవు. అమరం (వెనక కొస) వైపు కూర్చోండి. అంతకు ముందు అమలాపురం నుంచి విశాఖ దాకా కారులో నాలుగైదు గంటలు కూర్చుని వచ్చి, దిగీ దిగగానే సూటు తొడుక్కోవడం కూడా వద్దు. రాత్రి అక్కడే పడుకుని పొద్దున్న దిగండి.

అన్ని నడుములూ ఒకటి కావు

రాజోలులో మా బావకి రెండేళ్లుగా నడుం నొప్పి. "ఒరే, సైకిలు మీదైతే మలికిపురం దాకా పోతాను గానీ సంతలోకి నడిస్తే రెండు కాళ్లూ లాగేస్తన్నాయిరా" అంటాడు. నాకు దానికి పూర్తిగా ఎదురు. నడిస్తే హాయి, వంగి కూర్చుంటే నరకం. వయసు మీద పడి వెన్నులో నరాల దారి ఇరుకైనవాళ్లకి, వెన్నుపూస ముందుకి జారినవాళ్లకి వెనక్కి విరుచుకుంటే నొప్పి, ముందుకి వంగితే ఉపశమనం. డిస్క్ తోసుకొచ్చినవాళ్లలో చాలామందికి వంగితే నొప్పి, బోర్లా పడుకుంటే సుఖం.

దీన్ని బట్టి సీసం గొడవ కూడా మారుతుంది. బావ లాంటివాళ్లకి పడవ మీద సామానుతో వంగి కూర్చోవడం పెద్ద కష్టం కాదు. నీళ్లలో కాళ్లు జారి నడుం విల్లయితే మాత్రం కాళ్లు తిమ్మిరెక్కుతాయి. వాళ్లకి సీసం ఎక్కడుందన్నదే ప్రాణం. నాలాంటివాళ్లకి నీళ్లు మందు, ఎత్తడం, కూర్చోవడం విషం. మెడ అరిగినవాళ్లది మరో బాధ: అడ్డంగా ఉండి ముందుకి చూడాలంటే మెడ వెనక్కి ఎత్తాలి, సిలిండర్ మరీ పైకి కడితే వాల్వ్ తలకి తగులుతుంది. రెండంగుళాలు కిందికి దింపమంటే సరి. ఎవరి ఎంఆర్ఐ కాగితమైనా సరే, అందులోని మాటల కంటే ఏ భంగిమలో నొప్పి వస్తుందో, ఏ భంగిమలో తగ్గుతుందో డాక్టర్‌కీ, డైవింగ్ నేర్పేవాళ్లకీ చెప్పడం ఎక్కువ ఉపయోగం.

ఫారం, సూది, పాత నొప్పి

డైవింగ్‌కి ముందు ఒక ఆరోగ్య ఫారం ఇస్తారు. ప్రపంచమంతా వాడుతున్న 2020 నాటి నమూనాలో మొదటి పేజీలో పది ప్రశ్నలు, వాటిలో ఒకటి నడుం సమస్య, హెర్నియా, అల్సర్, షుగర్ గురించి. అవునంటే రెండో పేజీకి వెళ్లాలి. గత ఆరు నెలల్లో రోజువారీ పనులకి అడ్డొచ్చేంత నడుం నొప్పి మళ్లీ మళ్లీ వచ్చిందా, పన్నెండు నెలల్లోపు వెన్ను ఆపరేషన్ అయ్యిందా అని అడుగుతుంది. వీటికి అవునంటే డాక్టర్ సంతకం కావాలి. బీచ్‌లో హడావుడిగా ఇచ్చే కాగితం మీద అందరూ వరసగా "లేదు" అని గీసేస్తారు. సంతకం కోసం ఊళ్లోనే, వెళ్లే ముందే డాక్టర్ని కలిస్తే పోయే పని. కొత్తగా కాళ్లు బలహీనపడుతున్నా, మూత్రం పట్టేస్తున్నా, కూర్చునే చోట తిమ్మిరిగా ఉన్నా డైవ్ ఊసే వద్దు, ఆ రోజే ఆసుపత్రికి.

మన వైపు ఇంకో అలవాటు ఉంది. ప్రయాణానికి ముందు ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకుని బయల్దేరడం. నొప్పి తెలియని నడుముతో సిలిండర్ ఎత్తితే ఎక్కడ ఆగాలో ఒంటికి తెలియదు. నరాల నొప్పికి వాడే ప్రీగాబలిన్, కండరాలు వదులు చేసే మాత్రలు మత్తునిస్తాయి. లోతుకి వెళ్లేకొద్దీ నైట్రోజన్ కూడా మత్తునిస్తుంది. రెండూ కలవకూడదు. మాత్ర లేకుండా దిగలేని రోజు దిగకూడని రోజే.

ఇవన్నీ సరిగ్గా చేసుకున్నా నడుం మనిషికి ఒక చిక్కు మిగిలే ఉంటుంది. నైట్రోజన్ బుడగలు వెన్నుపాముని తాకితే మొదట కనిపించేవి నడుం నొప్పి, పొట్ట చుట్టూ పట్టీ బిగించినట్టు ఉండడం, కాళ్లలో తిమ్మిరి, బలహీనత, మూత్రం రాకపోవడం. సయాటికా (నడుం నుంచి కాలిలోకి లాగే నరం నొప్పి) ఉన్నవాడికి వీటిలో సగం పాత చుట్టాలే. "నిన్న సామాను లాగాను కదా, అదే" అని సరిపెట్టుకుని రాత్రి బండెక్కేస్తాడు. అందుకని దిగే ముందు రోజే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి: ఏ వేలు తిమ్మిరిగా ఉంటుంది, మడమల మీద ఎన్ని అడుగులు నడవగలరు, ముని వేళ్ల మీద ఏ కాలు ముందు అలిసిపోతుంది. మీతో వచ్చినవాళ్లకి ఒక కాపీ ఇవ్వండి. డైవ్ తర్వాత ఒంట్లో తేడా అనిపిస్తే ఆ కాగితంతో పోల్చి చూడాలి. పాతవన్నీ పాతగానే ఉండి, కొత్తదేదీ లేకపోతే పడుకుని విశ్రాంతి తీసుకోవచ్చు. అండమాన్ నుంచి విమానం ఎక్కేవాళ్లు కొన్ని రోజులు వరసగా డైవ్ చేసి ఉంటే చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు ఎలాగూ ఆగాలి. కానీ నిన్న మడమల మీద నడిచిన మనిషి ఇవాళ నడవలేకపోతుంటే, వెంటనే ఆక్సిజన్ పెట్టించి, రీకంప్రెషన్ ఛాంబర్ (మళ్లీ ఒత్తిడి పెట్టి బుడగల్ని కుదించే గది) ఉన్న చోటికి తీసుకెళ్లాలి. ఆ పూట ముందు ఫోన్ చేయాల్సింది డైవింగ్ వైద్యం తెలిసినవాళ్లకి, మీ ఎముకల డాక్టర్‌కి కాదు.